గుండె శస్త్రచికిత్స తరువాత తొలి నడక

ఆసుపత్రినుండి ఇంటికి వచ్చిన మనిషిని చూచుటకు పోయినపుడు మన పల్లెలలో గడప దాటగనే పలుకు మాట యొకటి ఉన్నది: "లేవకు నాయనా, పడుకో." ఆ మాటలో ఆదరమే కాని మఱొకటి లేదు. జ్వరపడిన వానికి, కాలు విరిగిన వానికి అది కొంతవఱకు చెల్లును. కాని గుండెకు శస్త్రచికిత్స చేయించుకొని వచ్చినవానికి ఆ మాట మేలు చేయదు. ఒక్కొక్కప్పుడు కీడు చేయును. ఈ సంగతి మేము మొదట పుస్తకములలో చదివి తెలిసికొన్నది కాదు. మా ఇంటనే పొరపాటుపడి తెలిసికొన్నది. దానినే ఈ ప్రసంగమున శ్రోతలకు మనవి చేయదలచినాము.

మేము వైద్యులము కాము. ఇందు చెప్పబోవు విషయములు కొన్ని మేము కన్నులార చూచినవి. కొన్ని శస్త్రవైద్యులును, ఫిజియోథెరపీ తెలిసినవారును మాకు బోధించినవి. మఱికొన్ని ఆపైని చదివి సరిచూచుకొన్నవి. ఏ రోగికైనను అతని వైద్యుడు అతనిని చూచి చెప్పినదే ప్రమాణము.

మాది అమృతలూరు. తెనాలికి దక్షిణముగ కృష్ణా పశ్చిమ డెల్టాలోని ఊరు. 2022 ఏప్రిలు వఱకు గుంటూరు జిల్లాలో ఉండి, అటుపైని బాపట్ల జిల్లాలో చేరినది. కొండ లేదు, గుట్ట లేదు. కనుచూపుమేర వరిచేలు, కాలువలు, మురుగు కాలువలు. ఎత్తు అనదగినది కాలువకట్టయు దానిమీది వంతెనయు మాత్రమే. నడక మరల నేర్చుకొనవలసిన హృద్రోగికి ఇంతకంటె అనువైన నేల దొరకదని తరువాత మాకు తెలిసినది. కాని చిత్రమేమనగా, ఇట్టి నేలమీదనే నడక తగ్గిపోయినది. మా తండ్రిగారి కాలమున చేనికి పోవుట యనగా నడచి పోవుటయే. ఇప్పుడు గట్టు మొదటివఱకు మోటారు సైకిలు పోవుచున్నది. యంత్రము కోయుచున్నది. రైతు గట్టుమీద నిలిచి సెల్లుఫోనులో మాటలాడుచున్నాడు. తిండి మాత్రము వెనుకటి తిండియే.

మా పెద్దన్నగారికి 2023లో అరువది రెండేండ్లు. సేద్యము చేయువారు. ఆ వేసవినుండి ఎరువు బస్తా ఎత్తినపుడును, భోజనము చేసి వెంటనే నడచినపుడును రొమ్ము నడుమ బరువు పెట్టినట్లుండి, కొంతసేపు నిలుచున్నచో తగ్గుచుండెడిది. గ్యాసు అనుకొని సోడా త్రాగిరి. ఈ గ్యాసు అనుమాట మన ప్రాంతమున ఎందఱిని పొట్టనబెట్టుకొన్నదో ఎవరు లెక్కింపగలరు? తుదకు పరీక్షలు చేయింపగా గుండె కండరమునకు రక్తమును కొనిపోవు నాళములు మూడు పూడుకొనిపోయినవని తేలినది. నవంబరు 9వ తేదీన నగరములోని యొక ఆసుపత్రిలో బైపాసు శస్త్రచికిత్స జరిగినది.

బైపాసు అనగా ప్రక్కదారి. కాలువలో పూడిక పడి నీరు ముందుకు పారనపుడు, దాని ప్రక్కగ బోదె త్రవ్వి దిగువ చేనికి నీరు పెట్టుట రైతునకు క్రొత్త కాదు. వైద్యులు చేయునదియు అట్టిదే. కాలినుండి తీసిన సిరను, రొమ్ము లోపలి గోడనున్న ధమనిని ఉపయోగించి, పూడిక దాటిన తరువాతి చోటునకు రక్తము చేరునట్లు అతుకుదురు. ఇందులకై రొమ్ము నడిమి ఎముకను నిలువున చీల్చి, పని ముగిసిన తరువాత దానిని ఉక్కు తీగలతో కట్టుదురు. ఆ ఎముక అతుకుకొని గట్టిపడుటకు ఆరునుండి పండ్రెండు వారములు పట్టును. ఈ లెక్కను శ్రోతలు జ్ఞాపకముంచుకొందురు గాక. ముందు ముందు దీనితో పని కలదు.

శస్త్రచికిత్స జరిగిన మరునాడే మా అన్నగారిని లేపి కుర్చీలో కూర్చుండబెట్టిరి. రొమ్మునుండి వచ్చు గొట్టములు ఇంకను తీయలేదు. అద్దములోనుండి చూచి మా వదినగారు కంట తడిపెట్టిరి. "ఇంత పెద్ద ఆపరేషను చేసి ఒక్క రోజన్నా పడుకోనివ్వరా?" అని మమ్ము అడిగిరి. మాకును ఆ ప్రశ్నయే మనసులో ఉండుటచేత బదులు చెప్పలేకపోతిమి. రెండవనాడు మంచము చుట్టు నాలుగడుగులు వేయించిరి. మూడవనాడు దీపావళి. బయట టపాకాయలు మ్రోగుచుండగా, ఒక ప్రక్క ఫిజియోథెరపీ చేయించు అమ్మాయియు, ఒక ప్రక్క మేమును పట్టుకొనగా, అన్నగారు వరండా చివరివఱకు పోయి వచ్చిరి. అయిదవనాడు పండ్రెండు మెట్లు ఎక్కించి దింపిరి.

మూడు బంతుల గొట్టము సంగతియు చెప్పవలెను. ఆసుపత్రులకు పోయివచ్చిన వారందఱును దానిని చూచియే యుందురు. నోటితో గాలి లోనికి పీల్చినచో బంతులు పైకి లేచును. మేము దానిని పిల్లల ఆటవస్తువు వలె తలచితిమి. అసలు సంగతి వేఱు. రొమ్ము కోసిన మనిషి నొప్పికి భయపడి పైపైని ఊపిరి తీయును. దానిచేత ఊపిరితిత్తుల అడుగుభాగములు ముడుచుకొనిపోవును. అక్కడ కఫము నిలిచి న్యుమోనియాకు దారితీయును. లోతుగ పీల్చుటయే దానికి విరుగుడు. దగ్గు వచ్చినపుడు అణచుకొనరాదు. దిండు నొకదానిని రొమ్మునకు గట్టిగ హత్తుకొని దగ్గవలెను. ఆ దిండు ఎముక కదలకుండ కాచును. మా అన్నగారు ఆ దిండును ఇంటికి వచ్చిన తరువాతకూడ నెల దినములు విడువలేదు.

నవంబరు 17న ఇల్లు చేరితిమి. ఇక్కడినుండి తప్పు మాది.

ఆసుపత్రిలో మెట్లెక్కిన మనిషిని మేము ఇంటికి తెచ్చి మంచమున పరుండబెట్టితిమి. ఊరివారు, బంధువులు పరామర్శకు రాసాగిరి. ప్రతివారును "లేవకు, లేవకు" అనువారే. బావగారు వచ్చి, తమకు తెలిసిన ఒకానొకరు ఆపరేషను అయిన నెలలోపల వీధిలోనికి పోయి పడిపోయిన కథ చెప్పిరి. మా అక్కయ్య అన్నము కలిపి నోటికి అందించినది. స్నానమునకు వేడినీళ్లు మంచము ప్రక్కకే వచ్చినవి. ఆసుపత్రివారు ఇచ్చిన కాగితమున మందుల పేర్లు పెద్దపెద్దగ ఉండెను. వాటిని వేళ తప్పకుండ ఇచ్చితిమి. అదే కాగితమున అడుగున 'రోజూ నడవవలెను' అని యొక వాక్యము ఉండెను. దానిని ఎవరమును లక్ష్యపెట్టలేదు. ఆరు దినములపాటు అన్నగారి నడక మంచమునుండి మరుగుదొడ్డికి, మరుగుదొడ్డినుండి మంచమునకు.

ఏడవనాటి ఉదయము లేచి నిలుచుండగనే కన్నులు చీకట్లు క్రమ్మి, గోడ పట్టుకొని కూలబడిరి. ఆయాసము. కాళ్లు వణకుట. వేసిన అతుకు ఊడిపోయినదేమో అని ఇంటిల్లిపాదికి గుండెలు జారిపోయినవి. వెంటనే కారులో తెనాలి తీసికొనిపోయితిమి. అక్కడి వైద్యుడు ఇ.సి.జి. తీసి, గాయము చూచి, రక్తపు పోటును పరుండబెట్టి యొకసారి, నిలువబెట్టి యొకసారి కొలిచిరి. నిలుచున్నపుడు పోటు పడిపోవుచున్నది. క్రొత్త జబ్బేమియు కానరాలేదు. ఆసుపత్రిలో నడిపించిన ఆ అమ్మాయికి మేము ఫోను చేసి సంగతి చెప్పగా, ఆమె ఫోను అన్నగారికి ఇమ్మన్నది.

"బాబాయిగారూ, ఇంటికి వచ్చిన దగ్గరనుంచి రోజుకు ఎన్నిసార్లు నడుస్తున్నారు?"

"నడవటమేమిటమ్మా, మా వాళ్లు కాలు కింద పెట్టనిస్తేగా?"

"మీ గుండెకు ఏమీ కాలేదండీ. మంచమే మిమ్మల్ని ఇలా చేసింది. ఇవాళ సాయంత్రం నుంచే అయిదేసి నిమిషాలు మొదలుపెట్టండి. మీ తమ్ముడుగారిని పక్కన ఉండమనండి."

మంచమే ఇట్లు చేసినది అనుమాట మాకు మొదట ఎబ్బెట్టుగ తోచినది. తరువాత విచారింపగా అది అక్షరాల నిజమని తెలిసినది. మనిషి లేచి నిలుచున్నపుడు రక్తము కాళ్లలోనికి దిగును. అది మెదడుకు తగినంత అందవలెనన్నచో నాళములు వెంటనే బిగుసుకొనవలెను, గుండె కొంచెము వడిగ కొట్టుకొనవలెను. కొన్నాళ్లు పరుండియున్న దేహము ఈ విద్యను మఱచిపోవును. పిక్కల కండరములు కదలనపుడు కాళ్లలో రక్తము నిలిచి గడ్డకట్టు ప్రమాదమును కలదు. కండరములు కరగును, ఊపిరి తగ్గును, ఆకలి, నిద్ర చెడును. మనసును క్రుంగును. మంచమున పడియున్న ఆ ఆరు దినములలో మా అన్నగారు ఇద్దఱితో తప్ప మాటలాడలేదనియు, పొలము కౌలుకిచ్చివేయుదునని వదినగారితో చెప్పిరనియు తరువాత వినియుంటిమి.

అమెరికాలోని డల్లాసు నగరమున 1966లో జరిగిన యొక పరీక్షను గూర్చి చదివినపుడు మాకు మఱింత విస్మయము కలిగినది. అయిదుగురు ఆరోగ్యవంతులైన యువకులను, ఇరువదేండ్లవారిని, మూడు వారములు మంచము దిగనీయకుండ ఉంచిరి. పిదప కొలిచి చూడగా, గట్టిగ శ్రమపడునపుడు దేహము ఉపయోగించుకొనగల ప్రాణవాయువు నాలుగవ వంతునకు పైగ తగ్గిపోయినది. ముప్పదేండ్ల తరువాత ఆ అయిదుగురినే మరల పరీక్షించిరి. ముప్పదేండ్ల వయస్సు వారి శక్తిని తగ్గించినదానికంటె, ఆ మూడు వారముల మంచము తగ్గించినదే ఎక్కువగ ఉండెను. ఇరువదేండ్ల ఆరోగ్యవంతుని గతియే ఇట్లున్నపుడు రొమ్ము కోయించుకొన్న అరువది రెండేండ్ల రైతు సంగతి చెప్పవలెనా?

ఐనను, ఈ విషయమున మా పల్లెవారిని మాత్రమే నిందించుట న్యాయము కాదు. ఒకప్పుడు వైద్యులును ఈ మాటయే చెప్పినారు. గుండెపోటు వచ్చినవానిని ఆరు వారములు మంచము దిగనీయకపోవుట ఇరువదవ శతాబ్ది నడుమవఱకు పాశ్చాత్య దేశములలో సైతము నియమముగ ఉండెను. 1952లో అమెరికాలో లెవైన్, లౌన్ అను వైద్యులు రోగిని మంచమునుండి దింపి కుర్చీలో కూర్చుండబెట్టినచో మేలని వ్రాసినపుడు అది సాహసముగ తోచినది. మఱి మూడేండ్లకు, 1955 సెప్టెంబరులో, ఆ దేశాధ్యక్షుడు ఐసెన్‌హోవరుకు గుండెపోటు వచ్చినది. పాల్ డడ్లీ వైట్ అను వైద్యుడు ఆయనను క్రమక్రమముగ నడిపించి తిరిగి పనిలోనికి పంపెను. మరుసటి యేడు ఆయన ఎన్నికలలో మరల గెలిచెను. అంతకు చాల పూర్వమే, పదునెనిమిదవ శతాబ్దిలో, హెబర్డెన్ అను ఆంగ్ల వైద్యుడు గుండెనొప్పి కల యొక మనిషి దినమునకు అరగంట కట్టెలు కోయుట అలవాటు చేసికొని దాదాపు నయమైన సంగతి గమనించి వ్రాసిపెట్టినాడు. ఆ మాటను లోకము నూటయేబదేండ్లకు పైగ మఱచిపోయినది.

బైపాసు శస్త్రచికిత్స మనకు చేరిన విధమును ఇక్కడ కొంచెము చెప్పవలసియున్నది. కాలి సిరతో ఈ పద్ధతిని 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండు ఆసుపత్రిలో ఫవలోరో అను వైద్యుడు నెలకొల్పెను. మన దేశమున మొదటిది 1975లో మద్రాసులోని పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో డాక్టరు కె.ఎం. చెరియన్ చేసినది. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములవారు గుండెజబ్బనగా మద్రాసుకో వెల్లూరుకో రైలెక్కు కాలము మాకు బాగుగ జ్ఞాపకమున్నది. రైలుకును డబ్బునకును నోచుకోనివారు ఇంటనే ఉండిపోయిరి. 1991 నవంబరులో పుట్టపర్తిలో ఉచిత ఆసుపత్రి వెలసినది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినది. 2016లో గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలోనే డాక్టరు ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే బృందము గుండె మార్పిడి చేసినది. ఇప్పుడు కూలినాలి చేసికొనువారికిని గుండె ఆపరేషను అందుబాటులోనికి వచ్చినది. సంతోషింపదగినదే. కాని, ఆపరేషను వచ్చినంత వేగముగ దాని వెనుక రావలసిన నడక రాలేదని మా అభిప్రాయము. కత్తి పనికి లక్షలు ఖర్చగుచున్నవి. నడకకు పైసా ఖర్చు లేదు. అందుచేతనే కాబోలు, దానికి విలువ లేదు!

వ్యాయామముతో కూడిన ఇట్టి చికిత్సవలన గుండెజబ్బు మరణములును, మరల ఆసుపత్రిలో చేరుటలును తగ్గుచున్నవని అనేక దేశముల పరీక్షలను ఒకచోట కూర్చి చూచిన కోక్రేన్ సమీక్షలు తేల్చినవి. మన దేశమునను 24 ఆసుపత్రులలో గుండెపోటు వచ్చిన 3,959 మందిపై యోగాభ్యాసముతో యొక పరీక్ష జరిగి, 2020లో ఫలితములు వెలువడినవి. యోగము చేసినవారు తమ ఆరోగ్యము బాగున్నదని చెప్పుటయందును, పూర్వపు పనులలోనికి తిరిగి పోవుటయందును ముందుండిరి. మరణములు తగ్గినవని మాత్రము ఆ పరీక్ష రుజువు చేయలేదు.

ఇక మా వీధి సంగతి. ఆ సాయంత్రమే నడక మొదలైనది. మొదటివారము అయిదేసి నిమిషములు, దినమునకు మూడు నాలుగు సార్లు. గడియారము చూచుకొనుటకు బదులుగ మేము కరెంటు స్తంభములను లెక్కపెట్టితిమి. మా ఇంటినుండి రెండవ స్తంభమువఱకు పోయి వచ్చుట మొదటినాటి పని. రెండు మూడు దినములకొకసారి ఒకటి రెండు నిమిషములు పెంచుట. ఆరవ వారము ముగియునప్పటికి ఏకధాటిగ అరగంట నడుచుట గమ్యము. మొదటి కొన్ని నిమిషములు మెల్లగను, నడుమ కొంచెము వడిగను, చివర మరల మెల్లగను నడువవలెను. హఠాత్తుగ నిలిచిపోరాదు. భోజనమైన గంటన్నర రెండు గంటలవఱకు నడువరాదు. ఒక దినము అలసట ఎక్కువైనచో మరునాడు తగ్గించవలెను కాని మానరాదు.

వడి ఎంత ఉండవలెనను ప్రశ్నకు ఆ అమ్మాయి చెప్పిన కొలత మాకు మిక్కిలి నచ్చినది. నడుచుచు ప్రక్కవానితో మాటలాడగలుగవలెను. పాట పాడుటకు మాత్రము ఊపిరి చాలకుండవలెను. మాటయు రానిచో వడి ఎక్కువైనట్లు. పాట సాగినచో తక్కువైనట్లు. నాడి చూచుకొనుట మంచిదే కాని, గుండె వేగమును అదుపులో ఉంచు మాత్రలు వేసికొనువారికి నాడి లెక్క సరిగ దారి చూపదు. మా అన్నగారికి పాట రాదు. కావున నడుచునంతసేపు మాకు వ్యవసాయము గూర్చి ఉపన్యాసమిచ్చిరి. ఉపన్యాసము తెగినచోట మేము ఆగెడివారము.

రొమ్ము ఎముకను గూర్చి ఆసుపత్రివారు చెప్పిన జాగ్రత్తలు మన ఇండ్లకు అన్వయించుకొని చెప్పుకొనవలెను. అయిదు కిలోలకు మించిన బరువు రెండు నెలలవఱకు ఎత్తరాదు అన్నచో అది ఏమిటో మన కంటికి కట్టదు. నీళ్ల బిందె ఎత్తరాదు, నిండు బకెట్టు ఎత్తరాదు, చేతిపంపు కొట్టరాదు, మనుమని చంకనెత్తుకొనరాదు. నవారు మంచమున లోతుగ పడి, పట్టె పట్టుకొని ఒంటిచేతిమీద లేచుట మిక్కిలి చెడ్డది. ప్రక్కకు ఒత్తిగిలి, కాళ్లు క్రిందికి దింపి, రెండు మోచేతులను ప్రక్కలకు ఆనించి ఒక్కసారిగ లేవవలెను. మేము నవారు మంచము తీసివేసి ఎత్తైన బల్లమంచము వేసితిమి. మరుగుదొడ్డిలో కుర్చీ పెట్టితిమి. మోటారు సైకిలు తాళము వదినగారు దాచిరి. చేతులు అసలు కదపరాదని కొందఱు భ్రమపడుదురు, అదియు సరికాదు. మోచేతులు దేహమునకు దగ్గరగ ఉన్నంతవఱకు తేలిక పనులు చేయవచ్చును, భుజములు మెల్లగ త్రిప్పవలెను. లేనిచో భుజములు బిగుసుకొనిపోవును. సిర తీసిన కాలు సాయంత్రమునకు వాచుచుండెడిది. కూర్చున్నపుడు ఆ కాలిని పీటమీద ఎత్తి పెట్టుటయు, నడక మానకుండుటయు దానికి మందు.

ఇట్లు పండ్రెండు దినములు గడచినవి. దినమునకు రెండు మార్లు పదునైదేసి నిమిషముల నడకకు వచ్చితిమి. అంతలో తుపాను వచ్చినది.

2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల వద్దనే తీరము దాటినది. ఆ సంగతి మా ప్రాంతపు శ్రోతలకు ఎవరును జ్ఞాపకము చేయనక్కఱలేదు. అప్పటికి మా వరి కొంత కోసి పనలమీద ఉన్నది; కొంత కళ్లములో రాశిపోసి ఉన్నది; కొంత నిలిచియే నేలకొరిగినది. శస్త్రచికిత్స జరిగి అన్నగారికి అది ఇరువది ఆరవ దినము. తెల్లవారుజామున లేచి చూచుసరికి మంచమున వారు లేరు. వసారాలో టార్చిలైటు చేతబట్టి, తలకు గోనెపట్ట కప్పుకొని, కళ్లమునకు బయలుదేరుచున్నారు.

"నడవమన్నారుగా, నడుస్తున్నా. అక్కడ బస్తాలు తడిసిపోతుంటే ఇక్కడ కరెంటు స్తంభాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోమంటావా?" అని మాపై కసరిరి.

ఆ ప్రశ్నకు మేము అప్పుడు చెప్పిన సమాధానము తృప్తికరముగ లేదు. కేకలు మాత్రమే వేసితిమి. నిదానముగ ఆలోచించి చెప్పవలసిన సమాధానము ఇది. నడక వేఱు, బరువు వేఱు. నడచునపుడు పెద్ద కండరములు లయగ కదలును. రక్తము సుఖముగ ప్రవహించును. గుండె తనకు అలవాటైన రీతిని మెల్లగ పని పెంచుకొనును. డెబ్బదియైదు కిలోల ధాన్యపు బస్తాను బిగపట్టి ఎత్తినపుడు ఊపిరి ఆగును, రక్తపు పోటు ఒక్కసారి పైకి ఎగయును, ఇంకను అతుకుకొనని ఎముక రెండు ప్రక్కలకు లాగబడును. ఉక్కుతీగ కోసికొనిపోయి ఎముక విడినచో, అందు చీము పట్టినచో, మరల శస్త్రచికిత్స తప్పదు; ప్రాణమునకును ముప్పు. ఎముక లోపల 'కటుకు కటుకు' మనినను, కదలినట్లు తోచినను వెంటనే వైద్యుని కడకు పోవలెనని ఆసుపత్రివారు చెప్పినది ఇందులకే. నలుబది ఏండ్లు బస్తాలు మోసిన మనిషికి 'నడువుము, కాని ఎత్తకుము' అను మాట అవమానముగ తోచును. ఆ అవమానమును ఇంటివారు గ్రహింపవలెను. మేము గ్రహింపలేదు.

ఆ దినము వారిని ఆపినది మేము కాము. వదినగారు వచ్చి గడపలో కూర్చుండిరి. "పంట పోతే వచ్చే ఏడు వస్తుంది" అని మాత్రమే అనిరి. అన్నగారు టార్చిలైటు క్రింద పెట్టిరి. ఇరుగుపొరుగు కుఱ్ఱవాండ్రు, మా పిల్లలు పోయి పట్టాలు కప్పగలిగినంత కప్పిరి. కళ్లములోని ధాన్యము సగముపైగ దక్కినది, పనలమీదిది మొలకెత్తిపోయినది. అంతసేపును అన్నగారు వసారాలో ఈ చివరనుండి ఆ చివరకు నడుచుచునే ఉండిరి. వర్షము వలన నడక ఆగలేదు సరికదా, ఆనాడే మొదటిసారి ఇరువది నిమిషములు నడచిరి. వారు లెక్కపెట్టలేదు, మేము లెక్కపెట్టితిమి.

నడకను ఎప్పుడు ఆపవలెనో కూడ చెప్పకున్నచో ఈ ప్రసంగము ప్రమాదకరమగును. రొమ్ములో గాయపు నొప్పి కాక పూర్వపు బరువు వంటి నొప్పి వచ్చినను, దవడకో ఎడమచేతికో పాకినను, తల తిరిగినను, చల్లని చెమట పట్టినను, గుండె లయ తప్పి కొట్టుకొన్నను అక్కడనే కూర్చుండవలెను. తగ్గకున్న ఆసుపత్రికి పోవలెను. గాయము ఎఱ్ఱబడి కారినను, జ్వరము వచ్చినను, రెండు మూడు దినములలో రెండు కిలోలు బరువు పెరిగి కాళ్లు వాచినను, పరుండినపుడు ఆయాసము వచ్చినను ఆలస్యము చేయరాదు. ఒక్క కాలి పిక్క మాత్రమే వాచి నొప్పిపెట్టుటయు అట్టిదే. మధుమేహము కలవారు నడకకు పోవునపుడు జేబులో కొంత పంచదారయో బెల్లమో ఉంచుకొనవలెను. మొదటి వారములలో ఒంటరిగ పోరాదు.

స్త్రీల విషయమై ఒక మాట. మా వీధిలోనే యొక యిల్లాలు గుండె కవాటమునకు శస్త్రచికిత్స చేయించుకొన్నది. చిన్ననాటి కీళ్లవాతపు జ్వరము వలన పాడైన కవాటములు మన దేశమున ఇప్పటికిని తక్కువ కావు. ఆమెను నడువుమని ఎవరును వీధిలోనికి తీసికొనిపోలేదు. "రోజంతా ఇంట్లో తిరుగుతూనే ఉందిగా" అనిరి. ఇంటిలో తిరుగుట నడక కాదు. పొయ్యి కడ నిలుచుట, వంగి ఊడ్చుట, బిందె ఎత్తుట, మరల నిలుచుట — ఇందు చేయవలసినది తక్కువ, చేయరానిది ఎక్కువ. పురుషుని మంచము దిగనీయరు. స్త్రీని వంటయింటిలోనికి తొందరగ పంపుదురు. రెండును తప్పే. మా వదినగారు సాయంకాలము ఆమెను వెంటబెట్టుకొని గుడివఱకు నడిపింప మొదలిడిరి. గుడికి అన్నచో ఎవరును అడ్డుచెప్పరు. కృత్రిమ కవాటము వేయించుకొని రక్తము పలుచబడుటకు మాత్రలు వాడువారు దెబ్బ తగులకుండ చూచుకొనవలెను, చీకటిలో నడువరాదు.

ఆరవ వారమున అన్నగారు మొదటిసారి కాలువ వంతెన ఎక్కిరి. ఊరి బయట ఉన్న ఆ చిన్న యెత్తు ఇదివఱలో మా కంటికి ఎత్తుగనే కనబడలేదు. నడుమ యొకసారి ఆగి, పిట్టగోడ పట్టుకొని, ఊపిరి తీసికొని, పైకి చేరి నీటివంక చాలసేపు చూచుచు నిలుచుండిరి. మేమేమియు మాటలాడలేదు. సంక్రాంతికి చేనివఱకు నడచిపోయిరి. నీరు తీసిన తరువాత ఆలస్యముగ వేసిన మొక్కజొన్న అప్పుడే మొలకెత్తి ఉన్నది. మూడు నెలలు నిండి వైద్యుడు సరేయన్న తరువాత మోటారు సైకిలు తాళము తిరిగి వారి చేతికి వచ్చినది. వచ్చినను, చేనికి మాత్రము నడచియే పోవుచున్నారు.

వేసవిలో మా ప్రాంతపు ఎండ ఎట్టిదో చెప్పనక్కఱలేదు. చైత్రము మొదలుకొని సూర్యోదయమునకు ముందే పోయి వచ్చుట, ప్రొద్దుగ్రుంకిన పిదప మరల కొంతసేపు నడుచుట ఏర్పాటు చేసికొన్నాము. 'మేము' అనుట ఎందులకనగా, అన్నగారికి తోడుగ మొదలుపెట్టిన నడకను మేమును మానలేదు. మావఱకు మా రక్తపు పోటు మాత్ర సగమునకు దిగినది, వైద్యుడే తగ్గించెను. అన్నగారి రక్తపరీక్షలు బాగుగనే ఉన్నవి. ఉప్పు తగ్గించుకొనుమన్న సలహాను మాత్రము వారు సగమే పాటించుచున్నారు. ఆవకాయ విషయమున వదినగారికిని వారికిని ఇంకను సంధి కుదురలేదు.